అల్లం ఒక బేరం, శొంఠి మరొక బేరం
ఒకే దుంపకు రెండు ధరలు - రెండూ చూడని వర్తకునికి నష్టం

"శొంఠి లేని కషాయం లేదు" అన్నది పెద్దల మాట. వైద్యులకు అది ఔషధ ధర్మం. వర్తకులకు అది గిరాకీ ధర్మం. బాలింత వున్న ఇంట శొంఠి ధర పెరిగిందని కొనకుండా వుండరు. చవకయిందని పావుకిలో కావలసినచోట రెండు కిలోలు కొనేవారూ వుండరు. అల్లం సంగతీ ఇంచుమించు ఇంతే. ఇంత నిలకడైన గిరాకీ వున్న సరకు ధర ఏటేటా ఎందుకింత వూగిసలాడుతున్నది? ఒకే దుంప పచ్చిగా ఒక బజారులోను, ఎండి మరొక బజారులోను అమ్ముడుపోవడమే దీనికి ముఖ్య కారణం. ఈ రెండు ధరలలో ఒకదానినే చూచి బేరం చేసేవారు తరచు దెబ్బతింటున్నారు.

వంటింటి గిరాకీ

పెసరట్టులోకి అల్లం పచ్చడి, కూరలోకి అల్లం పచ్చిమిర్చి ముద్ద, మాంసానికీ బిర్యానీకీ అల్లం వెల్లుల్లి, ఉదయాన అల్లం టీ - పచ్చి అల్లం గిరాకీ రోజువారీది. హోటళ్ల వాడకం, తయారుగా అమ్మే అల్లం వెల్లుల్లి ముద్ద కంపెనీల కొనుగోళ్లు దీనికి తోడైనాయి. శొంఠి గిరాకీ వేరు. బాలింతకు తొలి ముద్దలో శొంఠిపొడి, నెయ్యి. జలుబుకు శొంఠి కాఫీ. అజీర్తికి శొంఠి, బెల్లం. ఆయుర్వేదంలో శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే త్రికటు. శొంఠికి విశ్వభేషజం, మహౌషధం అనే పేర్లు కూడా వున్నాయి. ఇళ్లలోని వాడకానికి తోడు ఔషధ తయారీదారులు, మసాలా మిల్లులు, నూనె, ఓలియోరెసిన్ తీసే కర్మాగారాలు కూడా శొంఠికి ఖాతాదారులే.

ఒకదానికి మరొకటి పూర్తిగా బదులు కాదు. పచ్చి అల్లంలో ఘాటుకు కారణమైన పదార్థం జింజరాల్. ఎండినప్పుడు దానిలో కొంత భాగం షోగాల్ అనే మరింత ఘాటైన పదార్థంగా మారుతుంది. శొంఠి గొంతులో మండడానికి ఇదే కారణం. అల్లాన్ని ఉడికిస్తే మాత్రం జింజెరోన్ ఏర్పడి ఘాటు తగ్గుతుంది, కమ్మని వాసన వస్తుంది. వికారం, వాంతులు తగ్గించడంలో అల్లం గుణాన్ని ఆధునిక పరిశోధనలు కూడా చాలావరకు సమర్థించినాయి. రక్తం పలుచబడే మందులు వాడేవారు మోతాదు మించి తీసుకోరాదని వైద్యులు హెచ్చరిస్తారు.

దుంప నుండి శొంఠి దాకా

అల్లం ఉత్పత్తిలో ప్రపంచంలో భారతదేశానిదే మొదటి స్థానం. మధ్యప్రదేశ్, కర్ణాటక, అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్, ఒడిశా, మేఘాలయ, కేరళ పేరొందిన రాష్ట్రాలు. మన వైపు జహీరాబాదు ప్రాంతంలోను, విశాఖ మన్యంలోను ఈ పంట వున్నది. శొంఠికి మాత్రం కేరళదే పాత పేరు. కొచ్చిన్ రకం, కాలికట్ రకం అన్నవి ఎగుమతి బజారులో ఎంతోకాలంగా చెలామణిలో వున్న పేర్లు.

ఏప్రిల్, మే నెలల తొలకరి జల్లులకు విత్తు వేస్తారు. ఆరు నెలలు నిండితే పచ్చి అల్లంగా తవ్వవచ్చును. శొంఠికి ఎనిమిది నెలల ముదురు కావలెను. తవ్విన దుంపను నానబెట్టి, కడిగి, చివర చెక్కిన వెదురు బద్దతో పైతోలు మాత్రమే గీకవలెను. నూనె వుండేది తోలు కిందనే గనుక లోతుగా చెక్కితే విలువంతా చెత్తలో పోతుంది. తరువాత ఎనిమిది నుండి పది రోజుల ఎండ.

అన్ని రకాలూ శొంఠికి పనికిరావు. రియో డి జనీరో వంటి రకం పచ్చిగా తూకం బాగా ఇస్తుంది కాని నీరెక్కువ. మారన్ వంటి రకం ఎండితే రాబడి మెరుగు. కోజికోడులోని భారతీయ సుగంధద్రవ్య పరిశోధన సంస్థ విడుదల చేసిన వరద, రజత, మహిమ రకాలు కూడా సాగులో వున్నాయి.

వర్తకుని లెక్క

ఎండు రాబడి సాధారణంగా నూటికి 19 నుండి 25 వరకు వుంటుంది. నూటికి 20 అనుకుందాం. అయిదు కిలోల అల్లానికి కిలో శొంఠి. ఉదాహరణకు పచ్చి సరకు కిలో 40 రూపాయలైతే శొంఠికి దుంప ఖరీదే 200 రూపాయలు. గీకుడు కూలి, ఎండబెట్టు ఖర్చు, తరుగు, గోనె, వడ్డీ దానిపైన. ఇవన్నీ గిట్టుబాటు కాకపోతే రైతు ఎండబెట్టడు, పచ్చిగానే అమ్ముతాడు. పచ్చి ధర పెరిగిన ఏడు శొంఠి తయారీ తగ్గి, పాత నిల్వలు కరిగిపోవడం ఇందువల్లనే. పచ్చి ధర పడిన ఏడు ప్రతి కళ్లంలోను అల్లం ఎండుతుంది. ఆ సరకు మరుసటి ఏడు బజారు మీద బరువవుతుంది.

2023 ఇందుకు మంచి పాఠం. అంతకు ముందు ధర గిట్టక రైతులు విస్తీర్ణం తగ్గించినారు. ఆ సంవత్సరం వానకారులో చిల్లర ధర అనేక పట్టణాలలో కిలో 200 రూపాయలు దాటి, కొన్నిచోట్ల 300 కూడా దాటింది. ఎండు సరకులో మనకు పోటీ అయిన నైజీరియాలో, కదునా ప్రాంతపు పంటను తెగులు దెబ్బతీసింది కూడా అదే సంవత్సరం. ఆ ధర చూచి కర్ణాటకలో కొత్తవారెందరో భూములు కౌలుకు తీసుకుని ఖరీదైన విత్తనం వేసినారు. హెక్టారుకు 1,500 కిలోలకు పైబడిన విత్తు పడే పంట ఇది. ఆ సరకంతా బజారుకు వచ్చేసరికి, 2024 చివరి నుండి, ధర కుప్పకూలింది. విత్తనం ఖర్చు కూడా రాని రైతు, అతనికి బయానా ఇచ్చిన వ్యాపారి ఇద్దరూ మునిగినారు.

ధర లేనప్పుడు దుంపను తవ్వకుండా భూమిలోనే వుంచి నిరీక్షించే పద్ధతి ఒకటి వున్నది. పాత అల్లం, కొత్త అల్లం అని బజారులో వేరు ధరలు పలకడం అందుకే. కాని దుంపకుళ్లు సోకితే నిరీక్షణ ఫలితం శూన్యం. నిల్వకు ఆగేది శొంఠే. అదీ సరిగా ఎండితేనే.

కొనేముందు చూడవలసినవి

ఆహార ప్రమాణాల ప్రకారం శొంఠిలో తేమ నూటికి 12 మించరాదు. విరిస్తే టపీమని విరగవలెను. వంగితే పచ్చి వున్నట్లే. గోదాములో బూజు ఖాయం. సన్నని సూది బెజ్జాలు కనిపిస్తే పురుగు లోపల వున్నదన్నమాట. తెల్లగా మెరిసే సరకంతా మేలు రకం కాదు. సున్నపు నీటిలో ముంచి తెలుపు తెచ్చే పద్ధతి పాతదే, ప్రమాణాలలో దానికి వేరే హద్దులూ వున్నాయి. ఆ తెలుపుతో నాణ్యం పెరగదు, తూకానికి సున్నం కలుస్తుంది. పొడి కొనేవారికి మరింత జాగ్రత్త అవసరం. సారం తీసేసిన పిప్పిని పొడిలో కలిపితే కంటికి తెలియదు, నాలుకకు తెలుస్తుంది. నూనె శాతం పరీక్ష చేయించుకోవడం మేలు. పన్ను విషయంలోనూ ఇవి రెండు సరకులే. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు తాజా అల్లానికి పన్ను లేకుండాను, శొంఠికి 5 శాతంగాను నిర్ణయించినారు.

డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు పచ్చి సరకు ధరను అయిదు చేత హెచ్చించి, ఖర్చులు కలిపి, శొంఠి ధర పక్కన వ్రాసి చూచుకోవలెను. శొంఠి ధర ఆ మొత్తం కంటె తక్కువగా వుంటే ఆ ఏడు ఎండబెట్టేవారు వుండరు. పొడిగా వున్న పాత నిల్వను తొందరపడి వదులుకోనక్కరలేదు. బాగా ఎక్కువగా వుంటే కొత్త శొంఠి వెల్లువ రానున్నదని గ్రహించి చేతిలోని సరకు దించుకోవడం వివేకం. అన్నిటికంటె ముఖ్యం, నిరుటి ధర చూచి ఈ ఏటి విత్తుకు బయానా ఇవ్వరాదు.