మీకు తెలుసా? కామాఠిపురపు తల్లులు, నల్లమందు, పొగాకు

తెలుగుదేశమునుండి కూలికై బొంబాయి చేరి, ఆ మహానగరమునకు రాళ్లు మోసి భవనములు లేపిన కామాఠీల పేరనే కామాఠిపుర మేర్పడినది. పిమ్మట వచ్చిన పద్మశాలీలు మిల్లులను నమ్ముకొని చాళ్లనెడు ఒంటిగదుల వరుస యిండ్లలో కాపురముండిరి.

• బాలగోలీ: బిడ్డకు పాలిచ్చి, నాలుకపై ఆవగింజంత నల్లమందు మాత్ర నుంచి, కన్ను మూతపడగానే మిల్లుకు పరుగిడుట ఆనాటి కార్మికస్త్రీల నిత్యకృత్యము. వారి శిశువులలో నూటికి 98 మందికి నల్లమందు పెట్టుచున్నారని వైద్యురాలు బార్న్స్ 1920ల తొలినాళ్లలో నివేదించెను. అది తల్లి క్రౌర్యము గాదు. బిడ్డను చూచుకొను దిక్కులేమి.

• మిశ్రీ: మాడ్చి పొడిచేసిన పొగాకును వ్రేలితో పండ్లపై రుద్దుకొను అలవాటు ముంబయి స్త్రీలలో నేటికిని కలదు. అచ్చటి 1217 మంది స్త్రీలపై జరిపి 2004లో ప్రకటించిన అధ్యయనమున, నోటి పొగాకు వాడిన తల్లుల శిశువులు సగటున 105 గ్రాములు తక్కువ తూగిరి. 6 రోజులు ముందుగా జన్మించిరి.

• రెండును కూడినచో: నల్లమందు జాతి మత్తునకు లోబడిన గర్భిణి దానిని హఠాత్తుగా మానరాదు, వైద్యుని పర్యవేక్షణలో బుప్రెనార్ఫిన్ వంటి మందుతో కుదుటపడవలెను. పొగాకును మాత్రము ఎంత త్వరగా విడిచిన నంత మేలు. ఏలయన అట్టి తల్లి పొగ త్రాగినచో, పుట్టిన బిడ్డకు మత్తు తెగుటవలన కలుగు వణకు, ఎడతెగని యేడ్పు తీవ్రతరము లగును.

• ఆసరా: పొగాకు మానదలచినవారికి జాతీయ ఉచిత ఫోను సంఖ్య 1800-11-2356. నిందించు నోటికన్న, ఆసుపత్రికి తోడువచ్చు ఇరుగుపొరుగు చేయియే ఆ తల్లికి ప్రథమౌషధము.