ఆలోచన యెవరి సొత్తు?

మన ఉదయగిరి కొయ్య చెంచాల నెఱుగనివారు ఈ పడమటి సీమలో నుండరు. కొయ్యతో చెంచా చేయవలెనను తలంపు ఏ యొక్కరి సొత్తును గాదు; ఏ యూరివారైనను చెక్కుకొనవచ్చును. కాని వేఱొకచోట చేసిన చెంచాను ఉదయగిరి చెంచా యని పేరు పెట్టి యమ్మరాదు. ఆ పేరును భౌగోళిక సూచికల చట్టము కాపాడుచున్నది. తలంపు అందఱిది, పేరు కొందఱిది. టెలివిజను కార్యక్రమముల విషయమునను చట్టము ఇంచుమించుగా నిట్టి విభాగమునే చేయుచున్నది.

ఈ ప్రసంగమునకు కారణము కలదు. ఆత్మకూరున నేనెఱిగిన యొక గృహిణి, అత్తాకోడండ్రు జంటలుగా వచ్చి కొఱ్ఱలు, సజ్జలు మున్నగు వానితో పాతకాలపు వంటలు చేయుచు, ఆ వంట తమ యింటి కెట్లు వచ్చెనో చెప్పు పోటీ నొకదానిని ఊహించెను. ఒక టెలివిజను సంస్థవారికి టెలిఫోనులో దానినంతయు వినిపించెను. వారు "చూతము" అనిరి. కొన్ని నెలలకు ఆ పోలికగల కార్యక్రమమే తెరపై కనబడెను. ఆమె చేత కాగితపు ముక్కయైనను లేదు. వారు గ్రహించినది ఆమె మాటనో, తమంతట తామే యూహించిరో తేల్చుటకు ఆధారమే లేదు. కష్టమంతయు నందే యున్నది.

మన దేశమున 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము వ్రాతను కాపాడును గాని వట్టి తలంపును కాపాడదు. ఇందుకు పెద్ద తీర్పు 1978లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పినది. ఆర్. జి. ఆనంద్ అను నాటకకర్త 1953లో "హమ్ హిందూస్తానీ" యను నాటకము వ్రాసెను. ఒక పంజాబీ కుటుంబమునకును, ఒక మద్రాసీ కుటుంబమునకును నడుమ పిల్లల ప్రేమ వలన పుట్టిన చిక్కు అందలి కథ. దానిని ఆయన చలనచిత్ర నిర్మాతకు వినిపించెను. 1956లో "న్యూఢిల్లీ" యను చిత్రము వెలువడగా, ఇది నా నాటకమే యని దావా వేసెను. మూడు న్యాయస్థానములలోను ఓడిపోయెను. ప్రాంతీయ దురభిమానమను విషయము ఎవరైనను గ్రహింపదగినదే యనియు, దానిని నడిపిన తీరు, పాత్రలు, సన్నివేశములు ముఖ్యముగా ఒకటియైననే చౌర్యమనియు తీర్పు. ఆ నాటకకర్తను తలచిన నాకు జాలియే కలుగును. అయినను తలంపునకు కంచె వేసినచో రెండవ కవికి కలము పట్టుటకు తావుండదు గదా!

అయితే వినిపించినవానికి దిక్కే లేదనుకొనరాదు. 2002లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమున అనిల్ గుప్తా యను నాతడు తెచ్చిన వ్యాజ్యము మనకు ముఖ్యము. సామాన్య కన్యక, వచ్చిన వరులలో తనకు నచ్చినవానిని ప్రేక్షకుల యెదుట ఎన్నుకొను "స్వయంవర్" అను కార్యక్రమమును ఆయన రూపించి, వ్రాసి, సోనీ టెలివిజనువారికి తెలిపెను. పిమ్మట వారు "శుభ్ వివాహ్" అను పేర అట్టిదే తలపెట్టిరి. స్వయంవరము పురాణములలోనిదే, సీతకు, ద్రౌపదికి జరిగినదే, దానిపై నీకేమి హక్కు అని ప్రతివాదుల మాట. న్యాయస్థానము అందుకు సమ్మతింపలేదు. పురాతన విషయమైనను, దానిని టెలివిజనుకు తగినట్లు నూతనముగా రూపొందించి, నమ్మి చెప్పినప్పుడు, ఆ నమ్మకమును భంగపఱచి వాడుకొనరాదని నిషేధాజ్ఞ యిచ్చెను. మఱుసటి సంవత్సరము "క్రిష్ కన్హయ్యా" యను కార్యక్రమము విషయమై బొంబాయి ఉన్నత న్యాయస్థానమును ఇట్టి మార్గమునే యనుసరించెను.

దమయంతీ స్వయంవరమున నలుగురు దేవతలు నలరూపమున నిలిచిరి. ఱెప్పపాటు, చెమట, వాడిన మాల, నేలనంటిన పాదములు అను గుర్తులను బట్టి గదా ఆమె తనవానిని పోల్చుకొన్నది! న్యాయాధిపతికిని అట్టి గుర్తులు వలయును. అవి మనమే ముందుగా నుంచవలెను.

కావున చెప్పుటకు ముందు వ్రాయుడు. పోటీకి ఎన్ని యంకములో, ఎవరు పాల్గొందురో, గెలుపు ఎట్లు నిర్ణయింతురో, ఏ పేరు పెట్టితిరో, అన్నియు వివరముగా వ్రాసి తేదీ వేయుడు. వివరము పెరిగిన కొలది అది తలంపుగా నుండక రచన యగును. రచనకు హక్కు వ్రాసిన నాడే పుట్టును. కర్త జీవితకాలమును, ఆ పిమ్మట 60 ఏండ్లును నిలుచును. నమోదు తప్పనిసరి గాకున్నను, వ్యాజ్యమున అది సాక్ష్యముగా నిలుచును. పంపునప్పుడు "మీ పరిశీలనకు మాత్రమే, రహస్యముగా నుంచవలయును" అని వ్రాసి, ఈమెయిలు ద్వారా పంపి, వారి ప్రత్యుత్తరమును భద్రపఱచుడు. టెలిఫోనులో మాటాడవలసి వచ్చినచో, మాటాడిన విషయమును ఆ సాయంకాలమే వ్రాసి వారికే పంపుడు.

వారు సమ్మతించి ఒడంబడిక పంపినచో, సంతోషము చేత చదువకయే సంతకము చేయుదురేమో, అది మఱియొక చిక్కు. హక్కును అప్పగించు పత్రము వ్రాతమూలకముగనే యుండవలెను. కాలపరిమితి చెప్పనిచో చట్టము దానిని 5 ఏండ్లకే పరిమితము చేయును. ప్రదేశము చెప్పనిచో భారతదేశమునకే. "శాశ్వతముగా, ప్రపంచమంతటను" అను మాట లందున్నచో, ప్రతిఫల మెంతయో అడిగిన పిమ్మటనే కలము తీయుడు.