తిండికి పేచీ పెట్టే కుక్కలు, పిల్లులు: తాజా ఆహారాన్ని అలవాటు చేయడం

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• పేచీకి, అనారోగ్యానికి గల తేడాను గుర్తించగలుగుతారు.
• కుక్క, పిల్లి పోషకావసరాలలోని భేదాన్ని వివరించగలుగుతారు.
• తాజా ఆహారానికి క్రమంగా మార్చే పద్ధతిని అనుసరించగలుగుతారు.

6.1 పరిచయం

తెనాలికి సమీపంలోని నందివెలుగు వంటి వరి పండే గ్రామాలలో పెంపుడు జంతువులకు ప్రత్యేకంగా వండే అలవాటు తక్కువ. కుక్కకు మిగిలిన అన్నం, పెరుగు. పిల్లికి పాలన్నం, చేప తలకాయ పెట్టడం సాధారణం. ఇప్పుడు పట్టణాలతోపాటు గ్రామాలలోనూ ప్యాకెట్లలో వచ్చే డాగ్ ఫుడ్, క్యాట్ ఫుడ్ గింజలు వాడుతున్నారు. గింజలు మాని ఇంట్లో వండిన ఆహారం పెట్టాలనుకున్నప్పుడు చాలామందికి ఎదురయ్యే సమస్య ఒక్కటే: జంతువు వాసన చూసి పక్కకు వెళ్లిపోతుంది.

ఈ భాగంలో తాజా ఆహారం అంటే ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన మాంసం, చేప, గుడ్డు, వాటికి తోడు కొద్దిగా అన్నం లేదా కూరగాయలు. పచ్చి మాంసం అని అర్థం కాదు.

6.2 ముందుగా అనారోగ్యం లేదని నిర్ధారించుకోవాలి

నిన్నటి వరకు బాగా తిని ఈరోజు హఠాత్తుగా మానేసిన జంతువును పేచీ పెడుతోందని అనుకోరాదు. గోమార్ల ద్వారా వచ్చే జ్వరం, కుక్కపిల్లలలో పార్వో, పంటి నొప్పి, ముసలి పిల్లులలో మూత్రపిండాల వ్యాధి మొదట ఆకలి మందగించడంగానే కనిపించవచ్చు. వాంతులు, విరేచనాలు, నీరసం, బరువు తగ్గడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆహార మార్పును ఆపి పశువైద్యుని సంప్రదించాలి.

6.3 కుక్కకు, పిల్లికి గల భేదం

కుక్క మనిషితో కలిసి బతుకుతూ పిండిపదార్థాలను జీర్ణం చేసుకునే శక్తిని పెంచుకుంది. తోడేలుతో పోలిస్తే కుక్కలో అమైలేజ్ జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయని 2013లో వెలువడిన పరిశోధన చూపింది. కాబట్టి అన్నం కుక్కకు పనికివస్తుంది. అయితే అన్నం ఒక్కటే సరిపోదు.

పిల్లి పూర్తిగా మాంసాహారి. తీపిని గుర్తించే గ్రాహకం తయారుకావడానికి అవసరమైన జన్యువు పిల్లిలో పనిచేయదని 2005లో తేలింది. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తన శరీరంలో తగినంత తయారుచేసుకోలేదు. టారిన్ లోపం వల్ల పిల్లుల గుండె కండరం బలహీనపడి గుండె ఉబ్బుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో పాల్ పయన్, ఆయన సహచరులు వెల్లడించారు. టారిన్ మాంసం, చేపలలో లభిస్తుంది. అన్నం, కూరగాయలలో ఉండదు.

పాలన్నంతోనే పెరిగినట్లు కనిపించే ఊరి పిల్లి నిజానికి ఎలుకలను, తొండలను, పిట్టలను వేటాడి లోటు తీర్చుకుంటుంది. తలుపులు మూసిన ఇంట్లో ఉండే పిల్లికి ఆ అవకాశం లేదు.

6.4 పేచీ ఎలా అలవాటవుతుంది?

10 కిలోల బరువుండి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగిన పెద్ద కుక్కకు రోజుకు సుమారు 630 కిలోకేలరీలు చాలు. ఒక గ్లూకోజ్ బిస్కెట్‌లో 20 నుంచి 25 కిలోకేలరీలు ఉంటాయి. ఇంటిల్లిపాదీ టీ తాగేటప్పుడు తలా రెండు చొప్పున ఎనిమిది బిస్కెట్లు వేస్తే దాదాపు 180 కిలోకేలరీలు అందినట్లే. అంటే రోజు తిండిలో పావు వంతుకు పైగా భోజనానికి ముందే పూర్తయింది. పైగా, గిన్నె వదిలేస్తే ఇంకా రుచికరమైనది వస్తుందని కుక్క నేర్చుకుంటుంది. చిరుతిండి మొత్తం రోజు ఆహారంలో పదో వంతు మించరాదు.

పిల్లి విషయంలో కారణం వేరు. చిన్నతనంలో ఏ వాసన, ఏ మెత్తదనం గల ఆహారం తిన్నదో దానినే ఆహారంగా గుర్తిస్తుంది. కరకరలాడే గింజలకే అలవాటుపడిన పిల్లికి ఉడికించిన కోడిమాంసం తినే వస్తువుగానే తోచకపోవచ్చు.

6.5 మార్చే పద్ధతి

కుక్కకు: మొదటి మూడు రోజులు మూడు వంతులు పాత ఆహారం, ఒక వంతు కొత్తది కలపాలి. తరువాత మూడు రోజులు సగం సగం, ఆ తరువాత మూడు రోజులు ఒక వంతు పాతది ఉంచి, పదో రోజు నుంచి పూర్తిగా కొత్తది పెట్టాలి. గిన్నెను 20 నిమిషాలు ఉంచి, తినకపోతే మాట్లాడకుండా తీసివేయాలి. మళ్లీ భోజన సమయం వరకు ఏమీ పెట్టరాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒకటి రెండు పూటలు వదిలినా ప్రమాదం లేదు. చిన్న పిల్లలకు, చూలు కుక్కలకు, జబ్బుగా ఉన్నవాటికి ఈ పద్ధతి వర్తించదు.

పిల్లికి: ఆకలితో దారికి తెచ్చే పద్ధతి పిల్లికి ప్రాణాంతకం. కొద్ది రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లిలో, శరీరంలోని కొవ్వు కాలేయానికి చేరి దానిని దెబ్బతీస్తుంది. కాబట్టి ముందు రోజంతా గింజలు ఉంచడం మాని, వేళకు పెట్టడం అలవాటు చేయాలి. తరువాత పాత ఆహారం పక్కన వేరే పళ్లెంలో ఒక చెంచా కొత్తది ఉంచాలి. దానిని గోరువెచ్చగా చేస్తే వాసన పెరుగుతుంది. పైన కొన్ని గింజలు నలిపి చల్లవచ్చు. మూడు వారాలు పట్టినా తొందరపడరాదు. వారానికొకసారి తూకం వేయాలి. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత ఆహారమే ఇచ్చి వైద్యుని సంప్రదించాలి. కొత్త ఆహారంలో మందు కలపరాదు. ఆ చేదును పిల్లి ఆహారానికే అంటగడుతుంది.

6.6 వండేటప్పుడు జాగ్రత్తలు

• ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తాయి. కాబట్టి మన కూర, పులుసు కలిపిన అన్నం పెట్టరాదు.
• ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ పెట్టరాదు.
• ఉడికిన ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.
• నిజాంపట్నం, రేపల్లె తీరంలో చేపలు సులభంగా దొరుకుతాయి. అయితే కొన్ని పచ్చి చేపలలోని థయామినేజ్ అనే ఎంజైము విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది.
• 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ బయటపడింది. ఈ వైరస్ పిల్లులకూ సోకుతుంది. కోడిమాంసాన్ని బాగా ఉడికించాలి.
• టారిన్ నీటిలోకి దిగుతుంది గనుక మాంసం ఉడికించిన నీటిని పారబోయక కలిపి పెట్టాలి.
• మాంసంలో కాల్షియం చాలా తక్కువ. దీర్ఘకాలం ఇంటి ఆహారమే పెట్టేవారు కాల్షియం, విటమిన్ల మోతాదును పశువైద్యునితో నిర్ణయించుకోవాలి.

6.7 సారాంశం

పేచీ చాలావరకు అలవాటు. కానీ అనారోగ్యం కాదని తేలాకే అలా భావించాలి. కుక్క విషయంలో వేళ, నియమం పాటిస్తే మార్పు సాధ్యం. పిల్లి విషయంలో ఓర్పు తప్ప మార్గం లేదు. కుక్క ఒక పూట పస్తుంటే ఆకలి పెరుగుతుంది. పిల్లి రోజుల తరబడి పస్తుంటే కాలేయం చెడుతుంది.

6.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పాలన్నం తినే ఊరి పిల్లికి, ఇంట్లోనే ఉండే పిల్లికి టారిన్ లభ్యతలో తేడా ఏమిటి?
2. మీకు తెలిసిన ఒక కుక్క ఒక రోజులో తిన్న చిరుతిండిని రాసి, అది పదో వంతు మించిందేమో లెక్కించండి.
3. కుక్కకు చెప్పిన 20 నిమిషాల నియమాన్ని పిల్లికి ఎందుకు వర్తింపజేయరాదు?