కార్తీక స్నానమునకు వచ్చు చుట్టములను దోమకాటు నుండి కాపాడుకొనుట



కార్తీక మాసము వచ్చినదనగా మన ప్రాంతమున చుట్టముల రాక మొదలగును. బాపట్లకును చీరాలకును నడుమ రైలు దారిపై నున్న స్టూవర్టుపురము చిన్న స్టేషను. 20వ శతాబ్దపు తొలి దశకములలో, మద్రాసు ప్రభుత్వమున సభ్యుడుగా నుండిన సర్ హెరాల్డ్ స్టూవర్టు పేరిట ఏర్పడిన ఊరది. ఇక్కడి బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు పట్టణములకు వెళ్లిరి. సెలవులు దొరకగానే పిల్లాపాపలతో తిరిగి వచ్చెదరు. ఒకటి రెండు రాత్రులు మన ఇంట నిద్రచేసి, పౌర్ణమినాడు తెల్లవారకముందే లేచి సూర్యలంక సముద్ర స్నానమునకు బయలుదేరుదురు.

వారు వచ్చుచున్నారని తెలిసిన నాటి నుండి మనము ఇల్లు కడిగి, పరుపులు ఎండబెట్టి, పాలు పెరుగులు సమకూర్చుకొందుము. ఒక్క ఏర్పాటు మాత్రము మరతుము. మన మాగాణి గ్రామమున కార్తీకము దోమల కాలము. వానలు ఇంకను వెనుకపట్టలేదు. చేలలో నీరున్నది. పెరటిలో పగిలిన కుండ మొదలు పాత టైరు వరకు ప్రతిదానిలో నీరు నిలచియున్నది. మనకు అలవాటైన కాటును మనము పట్టించుకొనము. వచ్చిన పసిబిడ్డను మాత్రము దోమ వదలదు.

నా ఇంటనే జరిగినది

ఊరివారికి బుద్ధులు చెప్పుటకు ముందు నా సంగతి చెప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట కార్తీక పౌర్ణమికి నా చెల్లెలు, బావగారు, ఆరేండ్ల మేనల్లుడు మా ఇంటికి వచ్చి మూడు రోజులుండిరి. రాత్రులు దోమతెర కట్టితిమి. నా పని సరిగానే చేసితినని అనుకొంటిని. వారు తిరిగి వెళ్లిన ఆరవనాడు పిల్లవానికి తీవ్రమైన జ్వరము, ఒళ్లునొప్పులు వచ్చెను. రక్తపరీక్షలో డెంగీ అని తేలెను. వారము రోజులు ఆసుపత్రిలో ఉండి కోలుకొనెను.

ఆ వార్త విన్న సాయంకాలము నేను పెరడు గాలించితిని. వేసవిలో వాడి మూలకు నెట్టిన కూలరు అడుగున వాననీరు నిలచియుండెను. అందులో తోకపురుగులు, అనగా దోమల పిల్లలు, వందల కొలది గిలగిల తిరుగుచుండెను. పిల్లవానిని కుట్టిన దోమ మా ఇంటిదో, వారి ఇంటిదో ఎవరును చెప్పలేరు. కాని పగలెల్ల ఆ కూలరు ప్రక్కనే వాడు ఆడుకొనిన మాట నిజము. పైరులో పురుగు గుడ్డును వెదకి చూపించు ఉద్యోగిని, నా పెరటిలోని పురుగును చూడకపోతిని. రాత్రి తెర కట్టి పగటి దోమను మరచుటయే నేను చేసిన తప్పు.

మూడు దోమలు – మూడు వేళలు

పైరుకు పట్టు పురుగులన్నిటికిని ఒకే మందు పనిచేయదని మీరెరుగుదురు. దోమల విషయము అంతే. మలేరియా క్రిమిని దోమ కడుపులో సర్ రొనాల్డ్ రాస్ మొదట కనుగొన్నది మన తెలుగు గడ్డ మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగష్టు 20వ తేదీన. ఏ దోమ ఏ నీటిలో పుట్టునో, ఏ వేళ కుట్టునో ఆ తరువాతి పరిశోధనల వలన తెలిసినది.

మొదటిది ఏడిస్ దోమ. నల్లని ఒంటిపై తెల్లని చారలుండును. డెంగీ, చికున్‌గున్యా దీనివలననే వ్యాపించును. ఇది పగటి దోమ. ప్రొద్దు పొడిచిన పిమ్మట రెండు మూడు గంటలు, సాయంకాలము ప్రొద్దు క్రుంకుటకు ముందు ఎక్కువగా కుట్టును. ఇంటిలో, పెరటిలో నిలచిన తేటనీటిలో పుట్టును. సాధారణముగా పుట్టినచోటి నుండి కొన్ని వందల అడుగులకు మించి ఎగురదు. కనుక డెంగీ దోమకు పొరుగూరిని నిందించి లాభము లేదు. అది మన ఇంటిదో, ప్రక్క ఇంటిదో అగును.

రెండవది అనాఫిలిస్. మలేరియా తెచ్చునది ఇదియే. రాత్రివేళ కుట్టును. కాలువ అంచులు, చేలు, బావులు, మూతలేని నీటి తొట్లు దీని స్థానములు.

మూడవది క్యూలెక్స్. ఇందులో ఒక జాతి మురుగునీట పుట్టి బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయును. మరియొక జాతి వరిచేలలో పుట్టి మెదడువాపు వ్యాధిని తెచ్చును. ఈ రెండును ప్రొద్దు క్రుంకినది మొదలు రాత్రియెల్ల కుట్టును. మన దేశమున జపనీస్ మెదడువాపు వ్యాధిని 1955లో వెల్లూరు ప్రాంతమున మొదట గుర్తించిరి. ఆ క్రిమి కొంగలలోను, పందులలోను పెరిగి దోమ ద్వారా మనుష్యునికి చేరును. సోకినవారిలో చాలమందికి ఏ లక్షణమును కనబడదు. కాని వ్యాధి ముదిరినవారిలో నూటికి 30 మంది వరకు మరణింతురు. బ్రతికినవారిలోను కొందరికి అవిటితనము మిగులును. కనుక పందులు పెంచు కుటుంబములు దొడ్డిని నివాసమునకు దూరముగా కట్టుకొనవలెను. తప్పు పందిది కాదు. పంది, చేను, పడక ఒక్కచోట చేరుటయే ప్రమాదము.

చుట్టము మేనికి రక్షణ

తెల్లవారుజామున సముద్రమునకు బయలుదేరునపుడు చీకటి దోమలింకను తిరుగుచుండును. స్నానము ముగించి తిరిగి వచ్చు సమయమునకు పగటి దోమ లేచును. అందుచేత ప్రయాణమునకు ముందే పిల్లలకు పూర్తి చేతుల చొక్కాలు, చీలమండలు కప్పు పైజామాలు తొడుగవలెను. లేత రంగులు మేలు. బిగుతైన పలుచని బట్టలో నుండి దోమ కుట్టగలదు. వదులుగా ఉన్నవి వాడవలెను.

బట్ట కప్పని చోట దోమలను తరుము పూతమందు రాయవలెను. డీట్, పికారిడిన్ అను మందులు నమ్మదగినవి. కొనునపుడు డబ్బాపై మందు పేరు, శాతము చదువుకొనవలెను. శాతము పెరిగిన కొలది మందు పనిచేయు వ్యవధి పెరుగును. రెండు నెలలు నిండని శిశువులకు డీట్ రాయరాదు. వారిని తెరలోనే ఉంచవలెను. పిల్లలకు పెద్దలే తమ అరచేతిలో వేసికొని రాయవలెను. కన్నులు, నోరు, గాయములు, పసివారి చేతివ్రేళ్లు తప్పించవలెను. ఎండ నుండి కాపాడు పూత కూడ రాసినచో, అది ముందు, దోమల పూత తరువాత. సముద్రస్నానముతో మందు కడుగుకొని పోవును. గట్టునకు వచ్చి తుడుచుకొన్న వెంటనే మరల రాయవలెను. ఈ మాట చాలమంది మరతురు.

వేపనూనె, నిమ్మగడ్డి నూనె కొంతసేపు పనిచేయును గాని త్వరలోనే ఆవిరియై పోవును. వేపాకు పొగ దోమను కొంత తరిమినను, పిల్లల ఊపిరికి, పశువుల కండ్లకు హాని చేయును.

రాత్రి పడకకు దోమతెరను మించినది లేదు. చదరపు అంగుళమునకు 150 రంధ్రములకు తగ్గని తెర ఎంచవలెను. దాని అంచులు పరుపు క్రిందకు దోపవలెను. నేలపై వ్రేలాడవిడచిన తెర దోమకు తలుపు తెరచినట్లే. మందు పట్టించిన తెరలను నెమ్మదిగా ఉతికి నీడన ఆరవేయవలెను. ఎండకు మందు చెడును. వసారాలో పశువులపాక ప్రక్కన చుట్టములకు మంచములు వేయరాదు. చేలలో పుట్టు దోమకు పశువు రక్తమనిన ప్రీతి. పశువును వెదకి వచ్చినది ప్రక్కనున్న మనిషిని విడువదు. ఫ్యాను ఉన్నచో వేయుడు. దోమ బలమైన గాలికి ఎదురెగురలేదు.

దోమల చుట్టలు మూసిన గదిలో వెలిగింపరాదు. కేంద్ర రిజిస్ట్రేషను నంబరు లేని అగరువత్తులు కొనరాదు. అన్నిటికంటె ముఖ్యము: పైరుకు వాడు పురుగుమందును ఎన్నడును ఇంటిలో చల్లరాదు. మంచముపైన, గోడపైన, తాగునీటి దగ్గర అది దోమకంటె ముందు మనిషిని చంపును.

ఇంటికి రక్షణ – ఏడు రోజుల ముందు

గ్రుడ్డు నుండి దోమగా మారుటకు మన వాతావరణమున 7 నుండి 10 రోజులు పట్టును. వారమునకు ఒకసారి నీరు పారబోసినచో తోకపురుగు దోమ కాజాలదు. శుక్రవారము పొడిదినముగా పాటించుటలోని కిటుకిదియే. చుట్టములు వచ్చుటకు వారము ముందు ఒకసారి, ముందురోజు మరియొకసారి ఈ పని చేయుడు.

నీళ్ల గాబు, కుడితి తొట్టి, పెరటిలోని పాత రుబ్బురోలు, కూలరు, ఫ్రిజ్ వెనుక పళ్లెము, పూలకుండీల క్రింది పళ్లెములు, టైర్లు, కొబ్బరి చిప్పలు, టీ కప్పులు, డాబాపై వాననీరు నిలచు పల్లములు, ఇవన్నియు చూడవలెను. పారబోయుట ఒక్కటే చాలదు. ఏడిస్ గ్రుడ్లు గోడకు అంటుకొని, నీరు లేకున్నను నెలల తరబడి బ్రతికియుండును. తొట్టి లోపలి అంచును పీచుతో రుద్ది కడిగి, మూత వేయవలెను. పారబోయ వీలుకాని పాడుబావులలో గంబూషియా చేపలు వేయవచ్చును. ఈ చేపను 1928లో మన దేశమునకు తెచ్చిరి. కాని చెరువులు, కాలువలలో వదలరాదు. అది మన నాటు చేపల పిల్లలను తినివేయును.

చేనికి సంబంధించిన మాట

వరిచేనిలో ఎడతెగక నీరు నిలిపినచో దోమకు ఊయల కట్టినట్లు. నాటిన 15, 20 రోజుల తరువాత పొట్టదశ వరకు ఆరుతడి పద్ధతి పాటించవచ్చును. నీరింకి, పొలములో గ్రుచ్చిన చిల్లుల గొట్టములో మట్టము నేలకు 15 సెంటీమీటర్ల దిగువకు చేరినపుడు మరల తడి పెట్టవలెను. చేను ఆరిన రోజులలో తోకపురుగులు నశించును. పూతదశలో మాత్రము చేను ఆరరాదు. సముద్రమునకు దగ్గరి ఉప్పు నేలలలో ఆరబెట్టినచో ఉప్పు పైకి తేలును గనుక, అట్టి చేలకు ఈ పద్ధతి వలదు. గట్లు చెక్కి, బోదెలలో గడ్డి తీసి, నీరు పారునట్లు చేయుట మాత్రము అన్ని చేలకును మంచిది.

జ్వరము మన ఇంట పుట్టి వారి ఇంట బయటపడును

దోమ కుట్టిన వెంటనే జ్వరము రాదు. డెంగీకి 4 నుండి 10 రోజులు, మలేరియాకు వారము నుండి నెల వరకు పట్టవచ్చును. అప్పటికి చుట్టములు తమ ఊరు చేరియుందురు. అక్కడి వైద్యుడు మన చేలను, మన కాలువను చూడలేదు. కనుక సాగనంపునపుడు ఒక మాట చెప్పి పంపుడు: “నెలలోపల జ్వరము వచ్చినచో, ఎక్కడ ఉండి వచ్చితిరో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకొనుడు.” మనము అరకు వంటి మన్యపు ప్రాంతములు చూచి వచ్చినపుడును ఇదే నియమము. అక్కడ మలేరియా భయము మైదానముకంటె ఎక్కువ.

జ్వరము డెంగీ కాదని తేలువరకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పిమాత్రలు వాడరాదు. అవి రక్తస్రావమును పెంచును. డెంగీలో జ్వరము తగ్గిన దినములే ప్రమాద దినములు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తము, మగత కనబడినచో క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

గ్రామోద్యోగులకు మనవి

మందు చల్లుటతోనే పని ముగిసినదని తలచరాదు. 1953లో మన దేశమున మలేరియా నివారణ కార్యక్రమము మొదలైనపుడు ఏటా సుమారు 7 కోట్ల 50 లక్షల మంది జ్వరపడుచుండిరి. డి.డి.టి. చల్లకముతో 1960 దశకము నడుమకు ఆ సంఖ్య లక్షకు దిగెను. దోమలు మందుకు అలవాటుపడెను, మన శ్రద్ధయు సన్నగిల్లెను. 1976 నాటికి రోగులు మరల 64 లక్షలైరి. ఆ పాఠము మరువరాదు. పౌర్ణమికి వారము ముందు పంచాయతి వారు, ఆశా కార్యకర్తలు, రైతులు కలిసి ఒక ఉదయము మురుగు కాలువలు పూడిక తీయుడు. స్నానఘట్టము వద్ద కొబ్బరి బొండములు, కప్పులు ఆనాటి సాయంకాలమే ఏరించుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. పగలు డెంగీ దోమ, రాత్రి మలేరియా, మెదడువాపు, బోదకాలు దోమలు. రెండు వేళలకును రక్షణ కావలెను.
2. నిండు బట్టలు, పూతమందు. స్నానము తరువాత పూత మరల రాయవలెను.
3. దోమతెర అంచులు పరుపు క్రిందకు దోపవలెను.
4. వారమునకొకసారి తొట్లు పారబోసి, రుద్ది కడుగవలెను.
5. పైరు మందు ఇంటిలో వాడరాదు.
6. తిరిగి వెళ్లిన నెలలోపల జ్వరము వచ్చినచో రక్తపరీక్ష తప్పనిసరి.

ఈ ఏడు చుట్టములకు పరుపులు ఎండబెట్టు రోజుననే, ఆ మూలనున్న కూలరును కూడ ఒకసారి వంచి చూడుడు. నేను ఆలస్యముగా చేసిన పని మీరు ముందుగా చేసినచో నాకంతే చాలును.