గుండె కండరమును చూపు అయస్కాంత యంత్రము



గుండెజబ్బు, చక్కెర వ్యాధి, రక్తపు పోటు అను మాటలు మన ఇండ్లలో తరచుగా వినబడునవే. గుండెకు ఎం.ఆర్.ఐ. తీయింపవలెనని వైద్యుడు చెప్పినంతనే పెద్దలు భయపడుదురు. ఆ పరీక్ష యేమి చెప్పునో తెలిసినచో భయము కొంత తగ్గును.

ఆంజియోగ్రాము రక్తనాళములలోని అడ్డులను చూపును. కాని నాళము వేరు, అది పోషించు కండరము వేరు. కాలువ పూడినప్పుడు చెరకు చేను ఎంత ఎండినదో కాలువను చూచి చెప్పజాలము. చేనిలోనికి దిగి చూడవలెను. గుండె విషయమున ఆ చూపు ఎం.ఆర్.ఐ. వలన కలుగును.

ఇందు ఎక్స్-కిరణములు లేవు. మన శరీరమందలి నీటిలోని హైడ్రోజను కేంద్రకములు బలమైన అయస్కాంతమునకు లోబడి, రేడియో తరంగములు తాకినప్పుడు సంకేతములిచ్చును. వానినుండి చిత్రములు కూర్చబడును. ఈ విద్యకు పునాది వేసిన పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ గార్లకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

గుండెపోటున కొంత కండరము చనిపోయి, ఆ చోట మచ్చ కట్టును. గడోలినియము కలిసిన మందును నరములోనికి ఎక్కించి, సుమారు 10 నిమిషములు ఆగి చిత్రము తీసినచో మచ్చ తెల్లగా మెరయును. సజీవ కండరము నల్లగా నుండును. కదలని కండరమంతయు చచ్చినది కాదు. మచ్చ గోడ మందములో సగమునకు లోపుగా నున్నచో, రక్తప్రసారమును తిరిగి కల్పించిన పిదప అది కోలుకొను ఆశ హెచ్చు. మందమంతయు మచ్చయైనచో ఆ ఆశ స్వల్పము. శస్త్రచికిత్సను గూర్చి నిర్ణయించు వైద్యునకు ఇది సహాయపడును.

మచ్చ యున్న చోటును బట్టి రోగమును గుర్తింపవచ్చును. గుండెపోటు మచ్చ లోపలి పొరనుండి మొదలై వెలుపలికి వ్యాపించును. కండరపు వాపు వ్యాధిలో అది తరచు వెలుపలి పొరలోనో, నడుమనో కనబడును. రొమ్మునొప్పి వచ్చియు నాళములు శుభ్రముగా నున్నవారి విషయమున ఈ భేదము మిక్కిలి ఉపకరించును. తలసీమియా వలన పలుమార్లు రక్తము ఎక్కించుకొను బిడ్డల గుండెలో చేరిన ఇనుమును కూడ, లక్షణములు పొడసూపక మునుపే, ఈ పరీక్ష కొలిచి చూపును. ఇనుమును తొలగించు మందులతో గుండెను కాపాడవచ్చును.

పరీక్షకు ముప్పావు గంటనుండి గంట పట్టును. గొట్టము వంటి యంత్రములో కదలక పండుకొని, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టవలెను. చప్పుడు పెద్దది, నొప్పి లేదు. నగలన్నియు తీయవలెను, తాళి తీయుటకు జంకు స్త్రీలు ఆ పూటకు పసుపు దారము కట్టుకొని పోవచ్చును. పేస్‌మేకరు, శరీరములో లోహపు ముక్క, మూత్రపిండముల జబ్బు, గర్భము ఉన్న యెడల ముందుగా చెప్పవలెను.

ఈ పరీక్ష అందరికిని అవసరము కాదు. రొమ్మునొప్పి వచ్చిన నాడు దీనికై కాచుకొనక వెంటనే ఆసుపత్రికి పోవలెను. చనిపోయిన కండరము తిరిగి రాదు. ఆలస్యమైనకొలది చచ్చునది హెచ్చును.