మోటారు సైకిలు: పెట్రోలు, చమురు



మోటారు సైకిలుపై దూరదేశములకు బోవు కుఱ్ఱవాండ్రు మీ యిండ్లలోను గలరు. వారికి జెప్పదగిన రెండు సంగతులు మనవి చేసెదను.

మొదటిది పెట్రోలు. ఎక్కువ వెలగల పెట్రోలు పోసిన బండికి బలము పెరుగునని పలువురు తలంతురు. అది భ్రమ. ఆక్టేను సంఖ్య బలమును దెలుపదు. సిలిండరులోని యొత్తిడికి ఇంధనము తనంతట తాను మండక నిలుచు గుణమును దెలుపును. బండితో వచ్చిన పుస్తకమున వ్రాసిన సంఖ్య చాలును. మన పెట్రోలులో ఇథనాలు నూటికి 20 పాళ్లవఱకు గలదు. అది తేమను బీల్చును గావున టాంకులో నెలలతరబడి నిలువయుంచరాదు.

రెండవది చమురు. పెక్కు మోటారు సైకిళ్లలో యంత్రము, గేర్లు, క్లచ్చు మూడును ఒకే చమురున నుండును. ఇది యెఱుగక నేనొకమారు కారుచమురు పోసి అనంతగిరి ఘాటు నెక్కితిని. అట్టి చమురులలో జాఱుడు పెంచు ద్రవ్యములు గలుపుదురు. యంత్రము ఘోషించెనే కాని చక్రమునకు బలమందలేదు, క్లచ్చు జాఱిపోయెను. చీకటిపడుచుండ లోయయంచున బండిని దోయవలసివచ్చెను. నాటినుండి డబ్బాపై జాసో ఎం.ఏ. గుర్తు చూడక కొనను.

క్రొత్తబండిలో అరిగిన లోహపుపొడి చమురున జేరును. కావున తొలిసారి 500 మొదలు 1000 కిలోమీటర్లలో మార్చుట వాడుక. పిమ్మట పుస్తకము చెప్పిన గడువు చాలును. దూరము నిండకున్నను ఏడాది నిండిన మార్చవలెను. ధూళిలో, ఘాట్లలో దిరిగిన బండికి గడువు తగ్గించుట మేలు.

ఎద్దులకు నీరు పెట్టక బండి గట్టని మనము, చమురుమట్టము చూడక యంత్రమును గదలించనేల?