వారానికి ఒక్క రాత్రి పానం – శాస్త్రం ఏమంటున్నది?

"మా అబ్బాయి రోజూ తాగేవాడు కాదయ్యా. వారానికి ఒక్క శనివారం రాత్రి, అదీ స్నేహితులతో. దానివల్ల నష్టమేముంది?" ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ నావద్దకు చికిత్సకు వచ్చే తల్లులు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది.

ఒకప్పుడు మా ప్రాంతంలో మద్యం అంటే సారా, కల్లు. అది పత్తి మార్కెట్టులో మూటలు మోసేవారి సమస్య, మగ్గాల వీధుల సమస్య అని, చదువుకున్న ఇండ్లకు దానితో పని లేదని మధ్యతరగతివారు అనుకొనేవారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడినారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం సడలిపోయినది. ఈలోగా మన పిల్లలు ఉద్యోగాలకై బెంగళూరు, హైదరాబాదు చేరినారు. మద్యం మరొక వేషంలో చదువుకున్న ఇండ్లకే వచ్చినది. ఆ వేషం పేరు కాక్‌టెయిల్.

ఆ రాత్రి చూచినది

గత మాఘమాసంలో ఒక వివాహానికై బెంగళూరు వెళ్ళినాను. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా తమ్ముని కుమారుడు "పెద్దనాన్నా, మీరు తాగనక్కరలేదు, మా స్నేహితులను చూచినట్లుంటుంది, రండి" అని చర్చి స్ట్రీటు ప్రాంతంలోని ఒక బారుకు తీసుకొనివెళ్ళినాడు. రోగహేతువును కంటితో చూడడం కూడా వైద్యునికి అధ్యయనమే. నిమ్మకాయ సోడా తెప్పించుకొని మూడు గంటలు కూర్చున్నాను.

శనివారం కావడంచేత కాలు మోపే చోటు లేదు. పక్కవానితో మాట్లాడాలన్నా కేక వేయవలసినంత సంగీతం. మాట సాగని చోట చేయి గ్లాసు మీదికే పోతుంది. బల్లమీద ఉప్పు వేసిన వేరుశనగలు, కారపు చిరుతిండ్లు. అవి దాహాన్ని పెంచుతాయి. గ్లాసులో పండ్లరసం, చక్కెరపాకం, పుదీనా ఆకు, మంచు గడ్డలు. తీపి, పులుపు, చల్లదనం కలిసి మద్యం ఘాటును కప్పివేస్తాయి. రెండు మూడు సీసాల నుండి పోసి కలుపుతారు గనుక తాగేవానికి తానెంత తాగినాడో తెలియదు. పిల్లలందరూ సాయంకాలం నుండి ఏమీ తినకుండానే వచ్చినారు.

మొదటి గ్లాసుకు ముఖాలు వికసించినవి, సంకోచం పోయినది. రెండు, మూడు గ్లాసులకు చెప్పిన హాస్యమే మరల చెప్పుకొన్నారు. నాలుగవ గ్లాసుకు ఒక అబ్బాయి బల్లపై తల వాల్చినాడు. చరకుడు చికిత్సాస్థానంలోని మదాత్యయ ప్రకరణంలో చెప్పిన మూడు మదాలు నా కళ్ళ ముందు ఒక్కొక్కటిగా జరిగినవి. ప్రథమ మదంలో హర్షం, ద్వితీయ మదంలో స్మృతి, వాక్కు, నడక తడబడడం, తృతీయ మదంలో విరిగిన మాను వలె చలనం లేక పడిపోవడం.

మద్యం ఓజస్సునేల హరిస్తుంది?

రసం మొదలు శుక్రం వరకు గల సప్తధాతువుల సారమే ఓజస్సు. దాని ప్రధాన స్థానం హృదయం. శరీరబలానికి, మనఃస్థైర్యానికి అదే ఆధారం. ఓజస్సుకు గురు, శీత, మృదు, స్థిర, స్నిగ్ధ, మధురాది పది గుణాలున్నవి. మద్యానికి వాటికి సరిగా విరుద్ధమైన పది గుణాలున్నవి. అది లఘువు, ఉష్ణం, తీక్ష్ణం, సూక్ష్మం, ఆమ్లం, రూక్షం. జీర్ణం కాకముందే శరీరమంతటా వ్యాపిస్తుంది, శీఘ్రంగా పనిచేస్తుంది. ఈ గుణాలే విషానికీ ఉన్నవని, విషంలో అవి మరింత బలంగా ఉంటాయని ఆచార్యుల అభిప్రాయం.

ఆధునిక శాస్త్రం మాటలు వేరుగాని దారి ఇదే. మద్యం ఆహారం వలె జీర్ణం కానవసరం లేకుండానే రక్తంలో చేరుతుంది. కడుపు ఖాళీగా ఉంటే మరింత త్వరగా చేరుతుంది. కాలేయం దానిని మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మార్చి, తరువాతనే నిరపాయకరం చేస్తుంది. ఈలోగా మూత్రం అధికమై శరీరంలోని నీరు పోతుంది, నిద్ర చెదురుతుంది, జీర్ణాశయపు లోపొర మండుతుంది.

గ్లాసులోని లెక్క

మన దేశంలో విస్కీ, రమ్ము వంటివాటిలో సాధారణంగా 42.8 శాతం మద్యసారం ఉంటుంది. 30 మి.లీ. కొలతలో సుమారు 10 గ్రాముల మద్యసారం ఉన్నట్లు. రెండు కొలతలు కలిపిన ఒక కాక్‌టెయిల్‌లో 20 గ్రాములు, నాలుగు గ్లాసులలో 80 గ్రాములు. కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాములను మాత్రమే పోగొట్టగలదు. అంటే రాత్రి 8 గంటలకు మొదలుపెట్టినవాని రక్తంలో తెల్లవారేవరకు మద్యం నిలిచి ఉంటుంది. చన్నీళ్ళ స్నానం, కాఫీ, నిమ్మరసం ఈ వేగాన్ని పెంచలేవు. వాహనం నడిపేవానికి చట్టం విధించిన పరిమితి 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. రాత్రి తాగినవాడు ఉదయాన్నే బండి తీయడం కూడా అపాయమే. స్త్రీల శరీరంలో నీటిభాగం తక్కువ గనుక అంతే మద్యం వారికి మరింత హెచ్చుగా సోకుతుంది.

"ఒక్కరోజే కదా"

ఇక తల్లుల ప్రశ్నకు వస్తాను. మద్యం మానివున్నవాడు హఠాత్తుగా అతిగా తాగితే కలిగే రెండు వికారాలకు చరకుడు ధ్వంసకం, విక్షయం అని ప్రత్యేకంగా పేర్లు పెట్టినాడు. ధ్వంసకంలో కఫం కారడం, గొంతు ఎండడం, శబ్దాన్ని సహించలేకపోవడం, అతినిద్ర, తంద్ర ఉంటాయి. విక్షయంలో హృదయ కంఠ పీడలు, వాంతి, ఒళ్ళునొప్పులు, జ్వరం, దాహం, తలనొప్పి ఉంటాయి. ఇవి కష్టసాధ్యాలని కూడా హెచ్చరించినాడు. వారమంతా ముట్టక శనివారం రాత్రి నాలుగైదు గ్లాసులు తాగడం ఈ హేతువుకు చాల దగ్గరగా ఉన్నది. ఆరు రోజుల ఉపవాసం ఏడవనాటి అతిపానానికి పరిహారం కాదు. ఒకే రాత్రి అతిగా తాగినవారిలో గుండెలయ తప్పడాన్ని నేటి వైద్యులూ గుర్తించినారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సరు కారకాలలో చేర్చినది. ఆరోగ్యానికి హాని చేయని మద్యం పరిమాణం అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

నేను నిద్రపోని కారణం

ఆ రాత్రి బల్లపై తల వాల్చిన అబ్బాయిని స్నేహితులు తమ గదికి చేర్చి వెల్లకిల పడుకోబెట్టినారు. "నిద్రపోతే అదే దిగిపోతుంది పెద్దనాన్నా" అన్నాడు మావాడు. నేను ఆ పిల్లవానిని ఎడమ ప్రక్కకు తిప్పి, వీపు వెనుక దిండు పెట్టి, తెల్లవారుజాము మూడు గంటల వరకు శ్వాస లెక్కిస్తూ కూర్చున్నాను. గిల్లితే మూలుగుతున్నాడు, శ్వాస క్రమంగా ఉన్నది. అందుచేత ఆసుపత్రికి పంపలేదు.

నా జాగరణకు కారణం ఉన్నది. గురువుగారివద్ద విద్య ముగించుకొని వచ్చిన తొలి సంవత్సరాలలో, నీలకంఠేశ్వరస్వామి జాతర రోజులలో ఒక రాత్రి, ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో ఒక ఇంటికి నన్ను పిలిచినారు. ముప్పది ఏండ్లవాడు, ఇద్దరు బిడ్డల తండ్రి. సారా తాగి మంచంమీద వెల్లకిల పడి గట్టిగా గురక పెడుతున్నాడు. ఇంటి పెద్దామె నిమ్మరసం కలిపిన మజ్జిగ నోట్లో పోస్తున్నది. నేను వారించలేదు. నాడి చూచి "నిద్రపోనివ్వండి, ఉదయం మందు ఇస్తాను" అని చెప్పి వచ్చినాను. తెల్లవారకముందే గొంతులో వాంతి అడ్డుపడి అతడు పోయినాడు. అది నిద్ర గురక కాదు, ఊపిరి అందని గురక. ఆ తేడా నాకప్పుడు తెలియదు. ఆ తప్పు నాదే. ఈ వ్యాసంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ప్రాణాపాయ లక్షణాలు

పిలిచినా గిల్లినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి ఎనిమిదికంటె తగ్గడం లేక మధ్యమధ్య పది సెకండ్లు ఆగడం, గరగర శబ్దంతో గురక, స్పృహలేకుండానే వాంతి, పెదవులు నీలమవడం, శరీరం చల్లబడడం, మూర్ఛ. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గృహవైద్యం చేయరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. అంబులెన్సు వచ్చేవరకు రోగిని ఒక ప్రక్కకు తిప్పి ఉంచవలెను. ఒంటరిగా వదలరాదు. నోట్లో నీళ్ళు, మజ్జిగ, మందు ఏదీ పోయరాదు. చన్నీళ్ళు కుమ్మరించరాదు. క్రిందపడి తలకు దెబ్బ తగిలి ఉంటే మత్తు అని భ్రమపడి ఆలస్యం చేయరాదు.

తాగిన కొన్ని గంటలకో మరునాడో చూపు మసకబారడం, తీవ్రమైన కడుపునొప్పి, ఆయాసం కలిగితే అది కల్తీమద్యంలోని మిథనాల్ విషం కావచ్చును. దానికీ ఆసుపత్రియే శరణ్యం. 2020లో మద్యం దొరకక ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగినవారు పదిమందికి పైగా మరణించినారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచిలో కల్తీసారా అరవై మందికి పైగా ప్రాణాలు తీసినది.

మరునాటి ఉదయం – గృహచికిత్స

ఆదివారం ఉదయం మావాడు తల పట్టుకొని లేచినాడు. తలభారం, దప్పిక, ఒళ్ళునొప్పులు పరమద లక్షణాలు. కడుపు ఉబ్బరం, పుల్లని త్రేన్పులు, మంట పానాజీర్ణ లక్షణాలు. ఇవి సుశ్రుతుడు ఉత్తరతంత్రంలో వివరించినవే. వాడు చిక్కని కాఫీ, పుల్లమజ్జిగ, పారాసిటమాల్ మాత్ర సిద్ధం చేసుకొన్నాడు. మూడింటినీ ఆపినాను.

కాఫీ కడుపుమంటను హెచ్చిస్తుంది. తక్రం ఎంతటి పథ్యమైనా భ్రమ, దాహం (అనగా మంట), మూర్ఛ ఉన్నపుడు శాస్త్రం దానిని వద్దన్నది. అతిగా తాగిన కాలేయానికి పారాసిటమాల్ అదనపు భారం. ఆస్పిరిన్ జాతి మాత్రలు పుండుపడిన జీర్ణాశయంలో రక్తస్రావం కలిగించగలవు.

పూర్తి స్పృహలో ఉండి, స్వయంగా కూర్చొని మ్రింగగలిగినవారికి మాత్రమే ఈ క్రిందివి ఇవ్వవలెను.

1. ఖర్జూరాది మంథం: పండుఖర్జూరాలు 4, ఎండుద్రాక్ష 15, దానిమ్మగింజలు 2 చెంచాలు, చింతపండు చిన్న గచ్చకాయంత, ఉసిరికచూర్ణం అర చెంచా. వీటిని రెండు గ్లాసుల చల్లని నీటిలో గంటసేపు నానబెట్టి, బాగుగా పిసికి, వడగట్టి కొంచెం కొంచెంగా సేవించవలెను. శాస్త్రోక్త యోగంలో మరి రెండు ద్రవ్యాలున్నవి గాని ఇంట దొరికే ఈ ఐదూ దప్పికకు, మంటకు మేలు చేస్తాయి. మధుమేహం కలవారు దీనిని వాడరాదు.

2. ధాన్యక హిమం: నలగగొట్టిన ధనియాలు రెండు చెంచాలు గ్లాసు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయం వడగట్టి, కొద్దిగా పటికబెల్లం కలిపి సేవించవలెను. దాహం, మంట తగ్గుతాయి.

3. సుగంధిపాల: మన రాయలసీమలో నన్నారి షర్బత్తుగా అందరికీ తెలిసినదే. తీపి తక్కువగా, నీరు ఎక్కువగా కలిపి తాగవచ్చును.

4. ఆహారం: ఆకలి కలిగిన తరువాత వరిపేలాల జావ గాని, ఉప్పు వేసిన పలుచని బియ్యపుజావ గాని, పెసరకట్టుతో మెత్తని అన్నం గాని ఇవ్వవలెను. ఆదివారం గదా అని ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టరాదు.

ఇవి బాధను తగ్గిస్తాయేగాని రక్తంలోని మద్యాన్ని త్వరగా పోగొట్టవు. మరల తాగడానికి ఇవి అనుమతిపత్రాలు కావు. "దిగడానికి ఇంకొక గుక్క" అనే మాట వ్యసనానికి తొలిమెట్టు.

మరి రెండు హెచ్చరికలు

ద్రాక్షారిష్టం వంటి ఆసవారిష్టాలలో పులియడంవల్ల సహజంగా పుట్టిన మద్యసారం కొంత ఉంటుంది. చెప్పిన మోతాదులో అవి ఔషధాలే. కాని కాలేయవ్యాధి కలవారు, మద్యం మానుతున్నవారు వైద్యునికి ముందుగా చెప్పనిదే వాడరాదు.

నిత్యం అధికంగా తాగేవానిచేత ఇంటిలో బలవంతంగా ఒక్కసారిగా మాన్పించరాదు. రెండు మూడు రోజులలో వణుకు, భ్రాంతి, ఫిట్సు వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చును. అటువంటివారిని ఆసుపత్రి పర్యవేక్షణలో మాన్పించవలెను.

తల్లులకు నా సమాధానం ఇది. దూరాన ఉన్న బిడ్డను తిట్టడంవల్ల వాడు అబద్ధం చెప్పడం నేర్చుకొంటాడు, తాగడం మానడు. మానుకోమని చెప్పండి. దానితోపాటు పడిపోయిన స్నేహితుని ప్రక్కకు తిప్పి పడుకోబెట్టమని, ఒంటరిగా వదలవద్దని, బండి తీయవద్దని కూడా చెప్పండి. నేను బయలుదేరే రోజు ఆ అబ్బాయి రైల్వే స్టేషనుకు వచ్చి "ఆ రాత్రి మీరెందుకు మేల్కొన్నారు తాతగారూ?" అని అడిగినాడు. ఎమ్మిగనూరు సంగతి చెప్పినాను. చాలసేపు మాట్లాడలేదు. రైలు కదిలేముందు, గదిలో ఉన్న మిగిలిన ముగ్గురికీ చెబుతానన్నాడు.